నోరు లేనివి ఎలా స్తుతిస్తాయి?

ప్రశ్న: 148వ కీర్తనలో సూర్యచంద్రుల్ని, చెట్లని, పశువుల్ని కూడా యెహోవాను స్తుతించమని రాసి ఉంది. నోరూ మనసూ లేనివి ఎలా స్తుతిస్తాయి? అది కవి వర్ణన మాత్రమేనా? నేను రోజూ తెల్లవారుజామున మేడ మీద, కొబ్బరిచెట్ల వెనక నుంచి పొద్దు పొడుస్తుంటే చూస్తూ ప్రార్థన చేసుకుంటాను. మా అత్తగారు "సూర్యుణ్ణి చూస్తూ ప్రార్థనేమిటమ్మా, దణ్ణం పెడుతున్నట్టు!" అంటున్నారు. నేను చేసేది తప్పా?
– ఒక సోదరి, పాలకొల్లు

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారి సంగతి. ఆవిడ భయాన్ని తేలిగ్గా తీసెయ్యకండి. సృష్టికర్తను వదిలి సృష్టిని పూజించడం గురించి పౌలు రోమా 1:25లో గట్టిగానే చెప్పాడు. అయితే 148వ కీర్తన సూర్యుణ్ణి ఎక్కడ నిలబెట్టిందో ఒకసారి చూడండి. స్తుతించేవాళ్ల వరసలో, మనకంటే ముందు. మేడ మీద మీరు చూస్తున్నది మీతోపాటు ఆరాధిస్తున్న ఒకరిని.

ఇక నోరు లేకపోవడం. 19వ కీర్తన "ఆకాశములు దేవుని మహిమను వివరించుచున్నవి" అని మొదలుపెట్టి, మూడో వచనానికల్లా "వాటికి మాటలు లేవు, వాటికి భాష లేదు" అని తనే ఒప్పుకుంటుంది. అంటే మీ సందేహం దావీదుకీ తెలుసు. 148:8లో "ఆయన ఆజ్ఞను నెరవేర్చు తుపాను" అని ఒక మాట ఉంది. నా మటుకు జవాబు అక్కడే దొరికింది. దేవుడు దేనికి ఏ పని పెట్టాడో అది చేయడమే దాని స్తుతి. మామిడిచెట్టు పూత పూస్తే, అది పాడినట్టే.

మా నాన్నగారు దివిసీమలో ఒక చిన్న సంఘానికి ఉపదేశి. కోతల పండుగకి గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టేసిన కోళ్లు బల్ల ముందుకి వచ్చేవి. గుడి గుమ్మానికి వరికంకుల కుచ్చు కట్టేవాళ్లం. ప్రసంగం మధ్యలో పిచ్చుకలు వచ్చి ఆ కుచ్చుకి తలకిందులుగా వేలాడేవి. ఒక్కో గింజా ముక్కుతో లాగి, అటూ ఇటూ తిప్పి, పొట్టు కింద రాల్చేవి. ఎవరైనా తోలబోతే నాన్నగారు ప్రసంగం ఆపి, "ఉండనివ్వండి, అవీ ఆరాధనకే వచ్చాయి" అనేవారు. ఆ పొట్టు ఊడ్చే పని నాది.

1977లో కోతల పండుగ జరగలేదు. నవంబరు 19న ఉప్పెన వచ్చింది. నాకప్పుడు పదకొండేళ్లు. వేలమంది పోయారు, పశువులకి లెక్కే లేదు. ఆ తర్వాత చాలా ఏళ్లు, సంఘమంతా కలిసి ఈ కీర్తన చదువుతుంటే ఎనిమిదో వచనం దగ్గర నేను నోరు మూసుకునేవాణ్ణి. ఆ రాత్రిని స్తుతి అని నేను ఇప్పటికీ అనను. నాకు ఊరటనిచ్చింది రోమా 8:22. సృష్టి యావత్తు మూలుగుతూ ప్రసవవేదన పడుతోందని పౌలు రాశాడు. మనలాగే అదీ దెబ్బతిన్నది, విడుదల కోసం చూస్తోంది. జ్వరంతో మూలుగుతూ కూడా పాట అందుకునే ముసలమ్మలు మన సంఘాల్లో లేరూ? సృష్టి స్తుతి కూడా అలాంటిదే అనుకుంటాను. ఇటలీలో పేదరికాన్ని కోరి బతికిన సన్యాసి అస్సీసీ ఫ్రాన్సిస్ సూర్యుణ్ణి అన్నా అని పిలుస్తూ 1225 ప్రాంతంలో స్తుతిగీతం కట్టాడు. అప్పటికి కళ్లజబ్బు ముదిరి, ఎండ వెలుగు చూడలేని స్థితిలో ఉన్నాడాయన.

ఈ మధ్య చాలా సంఘాల్లో షెడ్డు కోసమో, బళ్లు పెట్టుకోవడానికో ఆవరణలో చెట్లు కొట్టేస్తున్నారు. ఎప్పటి నుంచో మనతో ఆరాధిస్తున్న వేపచెట్టుని కొట్టే ముందు, సంఘసభ్యుణ్ణి తీసేసేటప్పుడు ఆలోచించినంతైనా ఆలోచించాలి. ఈ మాట కొందరికి నచ్చదు. అయినా అంటాను.

148లో ఇంకొకటి గమనించండి. మొత్తం పద్నాలుగు వచనాలు. దూతలు, నక్షత్రాలు, మకరాలు, వడగండ్లు, కొండలు, ఫలవృక్షాలు, పశువులు, నేలమీద పాకే పురుగులు, పక్షులు, అన్నీ అయ్యాక గానీ పదకొండో వచనంలో మనుషులు రారు. రాజులైనా అంతే. మీరు మేడెక్కేసరికే పాట సాగుతూ ఉంటుంది.

కాబట్టి ప్రార్థన మానకండి. ఒక రోజు మీ అత్తగారిని కూడా మేడ మీదికి తీసుకెళ్లండి. కుర్చీ వేసి, పెద్దక్షరాల బైబిలు చేతికిచ్చి, 148 ఆవిడ చేతే పైకి చదివించండి. పక్షుల వచనం వచ్చినప్పుడు కాస్త ఆగమనండి.