బొమ్మ మీద చెయ్యి కాదు, అక్షరాల మీద చెయ్యి పెట్టి చూడండి

ప్రశ్న: మా పాపకు నాలుగేళ్లు. ఇంగ్లీషు అలవాటవుతుందని వెయ్యి బొమ్మల పుస్తకం ఒకటి, అక్షరాల పుస్తకం ఒకటి కొన్నాం. పేర్లన్నీ చెబుతోంది గానీ ఒక్క వాక్యమూ రావడం లేదు. ఈమధ్య పుస్తకం తీస్తే పారిపోతోంది. ఎలాంటివి కొనాలి?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: మీరు కొన్నవి పేర్ల పట్టికలు. 'డాగ్', 'బాల్' అని రెండొందల పేర్లు వచ్చినా, కుక్క బంతిని ఏం చేసిందో చెప్పే మాట పాప చెవిన పడలేదు. అక్షరాల పుస్తకంలో 'ఎక్స్ ఫర్ జైలోఫోన్' కూడా ఉండే ఉంటుంది. ఆ వాయిద్యాన్ని పాప చూసి ఎరగదు, ఎక్స్ అక్కడ పలికేదీ 'ఎక్స్' లాగా కాదు.

ఇకపై కథల పుస్తకాలే కొనండి. షాపులోనే మధ్యలో ఒక పేజీ తెరిచి, అక్షరాలను అరచేత్తో మూసి బొమ్మ చూడండి. ఎవరు ఏం చేస్తున్నారో తెలిసిపోవాలి. అప్పుడు చెయ్యి తీసి చదవండి. బొమ్మలో పిల్లి చెట్టెక్కుతుంటే కింద దాని మంచితనం గురించి రాసి ఉందా, ఆ పుస్తకం వద్దు. బొమ్మ చెప్పని ప్రతి మాటకూ మీరు తెలుగు చెప్పాల్సి వస్తుంది. పాప ఆ తెలుగు కోసమే ఆగుతుంది, ఇంగ్లీషు వినడం మానేస్తుంది.

పేజీకి ఒకటి రెండు వాక్యాలు, వాక్యానికి ఐదారు మాటలు చాలు. కొత్త మాటలు పేజీకి రెండు దాటకూడదు. వీటన్నిటికంటే మేం ఎక్కువగా చూసేది, ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తోందా లేదా అన్నది. ఏడు చేపల కథలో 'ఎందుకు ఎండలేదు?' అన్నది రెండోసారికే పిల్లల నోట ఎలా పలుకుతుందో మీకు తెలుసు. అలాగే 'వేర్ ఈజ్ ది క్యాట్? అండర్ ది బెడ్', మరుసటి పేజీలో 'వేర్ ఈజ్ ది క్యాట్? ఆన్ ది రూఫ్'. తెలుగులో 'మంచం కింద' అంటాం, ఇంగ్లీషులో 'కింద' ముందుకొస్తుంది. ఈ తిరగబడ్డ వరస నాలుగేళ్ల పిల్లకు వివరిస్తే ఎక్కదు, పదిసార్లు వింటే పట్టుబడుతుంది. అందుకే రోజుకో పుస్తకం వద్దు. వారమంతా ఒకటే, రోజూ పది నిమిషాలు. మూడో రోజు నుంచి వాక్యం చివరి మాట దగ్గర ఆగండి, పాపే పూర్తిచేస్తుంది.

ప్రాస పుస్తకాలు వినడానికి బాగుంటాయి. కానీ ప్రాస కోసం మాటల వరస మార్చేస్తారు, ఎక్కడా వాడని మాటలు తెస్తారు. నాలుగింటిలో ఒకటి చాలు.

ప్రశ్న: మనవడికి మూడేళ్లు. నేను ఇంగ్లీషు పుస్తకం చదివితే వాడికి నా యాస అంటుకుంటుందని కోడలి భయం. నిజమేనా?
– ఒక నాయనమ్మ, కరీంనగర్

జవాబు: నిక్షేపంగా చదవండమ్మా. వాడు వినేది మిమ్మల్ని ఒక్కరినే కాదు. రెండు విషయాలు మాత్రం చూసుకోండి. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి, అందుకే 'బుక్కు', 'బస్సు' అంటాం. ఆ చివరి 'ఉ' వదిలేయండి. మన 'వ' ఒకటే, ఇంగ్లీషులో రెండు. 'వాటర్'కు పెదవులు గుండ్రంగా చుట్టాలి, 'వ్యాన్'కు పైపళ్లు కింది పెదవికి తగలాలి. రెండు భాషల పుస్తకమైతే ఈరోజు మొత్తం తెలుగులో, రేపు మొత్తం ఇంగ్లీషులో చదవండి.

ప్రశ్న: కొత్త పుస్తకాలు ఖరీదుగా ఉన్నాయి. వేరే దారి ఉందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో పుస్తకాలు ఉచితం, ప్రింటు తీసుకోవచ్చు. మొదటి స్థాయివి 250 మాటల లోపే ఉంటాయి. అక్కడ ఎవరైనా కథ చేర్చవచ్చు కాబట్టి ముందు మీరు చదవండి. కొనదలిస్తే చెన్నైలోని తూలిక ప్రచురణల్లో తెలుగు–ఇంగ్లీషు పుస్తకాలున్నాయి. ఇంట్లో మూడేళ్లలోపు పిల్లలుంటే, నడుమ పిన్ను కొట్టిన పుస్తకాలకు ఆ పిన్నుల మీద బట్ట టేపు అంటించి ఇవ్వండి.