అల్లుడూ, బండి అమ్మొద్దు

అల్లుడూ,

నువ్వు పంపిన ఫొటోలు కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే చూశాను. కారు కొన్న నాలుగు నెలల్లో మొదట గేటు స్తంభం, తర్వాత కూరగాయల తోపుడుబండి, ఆ తర్వాత నెల్లిమర్ల రోడ్డులో కింద అంటుకున్న ఎండుగడ్డి. ఇవి చాలవన్నట్టు రణస్థలం దగ్గర అర్ధరాత్రి పంక్చరు, స్టెప్నీ దించితే దాంట్లోనూ గాలి లేదు. నంబరు కలిసిరాలేదని బండి అమ్మేస్తానన్నావట. అమ్మొద్దు. అప్ప కట్టిన నిమ్మకాయలు ఉండనీ, ఆవిడకి ధైర్యం.

ఫొటోల్లో ఒకటి గమనించావా? అద్దం, వెనక తలుపు, బంపరు మూల, దెబ్బలన్నీ ఎడమ పక్కనే. నువ్వు కూర్చునేది కుడివైపు. ఎడమ చక్రం ఎక్కడ నడుస్తోందో నీకింకా అందలేదు. ముప్పై ఏళ్లు లారీ తోలాను, బండి మారినప్పుడల్లా ఈ అంచనా కొత్తగా కుదుర్చుకోవాల్సిందే.

ఖాళీ స్థలంలో ఒక ప్లాస్టిక్ నీళ్ల సీసా పడుకోబెట్టు. ముందు ఎడమ చక్రం దాన్ని తొక్కాలి. సీట్లోంచి చూస్తే సీసా దాదాపు బానెట్ నడిమధ్యకి ఎదురుగా ఉండాలి. అలా పట్టుకుని నిదానంగా పోనీ. టప్‌మంటే కుదిరినట్టే. పదిసార్లకి ఎనిమిదిసార్లు టప్‌మనేదాకా సాయంత్రాలు విజయనగరం మూడు లాంతర్ల సెంటరు వైపు బండి తీయకు. దసరా వెళ్లిన మంగళవారం, పైడితల్లమ్మ సిరిమాను పండగ నాడు, అసలే వద్దు.

గడ్డి సంగతికి మాత్రం నాకు రెండు రాత్రులు నిద్రలేదు. సైలెన్సరు వేడికి ఎండుగడ్డి ఇట్టే రాజుకుంటుంది. కోతల రోజుల్లో రోడ్డు మీద పరిచి ఉంటే పక్కనుంచి పో. తప్పకపోతే దాటాక ఆపి, వంగి చూసి, కర్రతో లాగెయ్. చెయ్యి పెట్టకు, కాలుతుంది. ఆ రోజు బిందెతో పరిగెత్తుకొచ్చిన రైతుకి ఈ పండక్కి బట్టలు పెట్టి రా.

టైర్లకి గాలి పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు చూపించు. స్టెప్నీని మరిచిపోకు. ఎంత పట్టాలో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. నేషనల్ హైవేలో ఆగిపోతే హెల్ప్‌లైన్ 1033కి ఫోన్ చెయ్, అందరూ రోడ్డు దిగి దూరంగా నిలబడండి.

ఆదివారం శ్రీకాకుళం నుంచి మొదటి బస్సుకి వస్తున్నా. పది సీసాలు మూతలు బిగించి ఉంచు.

మీ మావయ్య