కొత్త స్పీకర్లు, హెడ్‌ఫోన్స్‌కి నిజంగా బర్న్-ఇన్ అవసరమా?

బర్న్-ఇన్ అంటే కొత్తవాటిని గంటల తరబడి మోగిస్తే సౌండ్ మెరుగవుతుందని అలా మోగించడం. అవసరం లేదు, కొన్న రోజునుంచే మామూలుగా పాటలు వినండి, చాలు.

అయితే ఈ మాట పూర్తిగా గాల్లోంచి పుట్టలేదు. స్పీకర్‌లో ముందుకూ వెనక్కీ ఊగే కోన్‌ని అంచున రబ్బరు పట్టీ ఒకటీ, వెనక ముడతల గుడ్డ ఒకటీ పట్టుకుని ఉంటాయి, కొత్తలో ఇవి కాస్త బిర్రుగా ఉండి ఊగేకొద్దీ కొంచెం వదులవుతాయి. కానీ ఆ మార్పులో ఎక్కువ భాగం మొదటి కొద్ది నిమిషాల్లోనో గంటల్లోనో అయిపోతుంది. ఉదాహరణకి విడిగా కొలిస్తే 50 హెర్ట్జ్ దగ్గర సహజంగా ఊగే ఊఫర్ (బేస్ పలికించే స్పీకర్) వాడాక 46కి దిగిందనుకోండి. దాన్ని మూసిన పెట్టెలో బిగిస్తే లోపలి గాలే పెద్ద స్ప్రింగులా పనిచేస్తుంది కాబట్టి బేస్‌లో వచ్చే తేడా చెవికి దాదాపు అందదు. హెడ్‌ఫోన్స్‌లో డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) చిన్నది, తేడా ఇంకా తక్కువ. అక్కడ నిజంగా మారేది చెవి కుషన్లు, అవి మెత్తబడి చెవి చుట్టూ కూర్చునే తీరుని బట్టి బేస్ మారుతుంది.

చాలామంది దీన్ని కొత్త బండి రన్నింగ్-ఇన్ లాంటిదనుకుని వంద గంటలు పింక్ నాయిస్ (హోరులాంటి టెస్ట్ శబ్దం) మోగిస్తారు. తర్వాత బాగుందనిపించడానికి ముఖ్య కారణం మన చెవి, మెదడు ఆ సౌండ్‌కి అలవాటుపడటమే. ఇక కేబుళ్లకి బర్న్-ఇన్ అంటారా, రాగి తీగలో వదులవడానికి ఏముంది?

రోజుకి రెండు గంటలు వింటే వంద గంటలకి 50 రోజులు పడుతుంది, ఈలోపు రిటర్న్ గడువు దాటిపోతుంది. మొదటి రోజే నచ్చకపోతే వెనక్కిచ్చేయండి.