హైవే ఎడమ రెక్క కింద ఉండాలి
(చిన్న విమానాల శీర్షిక: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు)

ప్రశ్న: ప్రైవేట్ పైలట్ లైసెన్స్ కొత్తగా వచ్చింది. సెస్నా 172లో చాండ్లర్ నుంచి యూమాకి వెళ్దామనుకుంటున్నాను. ట్యాబ్‌లో యాప్ ఒక తిన్నటి గీత గీసి చూపించింది. అది ఏ రెస్ట్రిక్టెడ్ ఏరియానీ (సైన్యం వాడుకలో ఉన్నప్పుడు అనుమతి లేకుండా వెళ్లకూడని గగనతలం) తాకట్లేదు. ఆ గీత మీదే వెళ్లిపోవచ్చా?
- చాండ్లర్, అరిజోనా

జవాబు: వద్దు. గీత తాకకపోయినా, కాస్త గాలి తోస్తే విమానం తాకుతుంది. తిన్నగా పోతే దాదాపు 145 నాటికల్ మైళ్లు. మొదట్లోనే అది సియెర్రా ఎస్ట్రెల్లా కొండల దక్షిణపు కొసకు దగ్గరగా, ఫీనిక్స్ క్లాస్ బి (పెద్ద విమానాశ్రయం చుట్టూ, అనుమతి తీసుకునే వెళ్లాల్సిన గగనతలం) అరల కింద నుంచి వెళ్తుంది. ఆ కొండల శిఖరం 4,500 అడుగులు దాటుతుంది. గిలా బెండ్ దాటాక పరిస్థితి ఇంకో రకం. ఇంటర్‌స్టేట్ 8 హైవేకి దక్షిణాన బారీ గోల్డ్‌వాటర్ రేంజ్ అనే సైనిక బాంబింగ్ శిక్షణ ప్రాంతం ఉంది. చార్టులో ఆర్-2301ఈ, ఆర్-2304, ఆర్-2305, ఆర్-2301డబ్ల్యూ అని కనిపించేవన్నీ దాని ముక్కలే. లూక్ స్థావరం నుంచి వైమానిక దళం ఎఫ్-35 యుద్ధవిమానాలు, యూమా నుంచి మెరైన్ల ఎఫ్-35లు ఎగురుతుంటాయి. రేంజ్‌లో నిజం బాంబులూ వేస్తారు. యూమా దగ్గరకొచ్చేసరికి ఉత్తరాన యూమా ప్రూవింగ్ గ్రౌండ్ (సైన్యం ఆయుధాలు పరీక్షించే చోటు) తాలూకు రెస్ట్రిక్టెడ్ ఏరియాలు మొదలవుతాయి. అంటే చివర్లో మీకు మిగిలేది రెండు వైపులా గోడలున్న సందు.

అందుకని కంటికి ఆనే గుర్తులు పట్టుకుని వెళ్లండి. చాండ్లర్ నుంచి మారికోపా ఊరు, అక్కడి నుంచి 238వ నంబరు రోడ్డూ దాని పక్కన రైలు పట్టాలూ పట్టుకుని గిలా బెండ్, ఆ తర్వాత ఇంటర్‌స్టేట్ 8. దూరం నాలుగైదు మైళ్లు పెరిగితే పెరగనివ్వండి. మారికోపా పక్కన ఎస్ట్రెల్లా సెయిల్‌పోర్ట్ అనే గ్లైడర్ల రన్‌వే ఉంది. ఎండెక్కాక ఇంజిన్ లేని ఆ గ్లైడర్లు గుండ్రంగా తిరుగుతూ పైకి లేస్తుంటాయి, సన్నటి తెల్ల రెక్కలు ఎదురుగా వస్తే కనిపించవు. గిలా బెండ్ ఊరికి దక్షిణాన వైమానిక దళం సహాయక రన్‌వేకి సొంత క్లాస్ డి (టవర్‌తో మాట్లాడాకే వెళ్లాల్సిన గగనతలం) ఉంది కాబట్టి అక్కడ కిందికి దిగి ఫొటోలు తీసే ఆలోచన మానుకోండి.

ఎత్తు: పడమటి దిక్కు కాబట్టి సరి వేలకు 500 కలుపుకోవాలి. క్లాస్ బి అరల కింద నుంచి బయటపడేదాకా, పైనున్న అర అడుగుభాగం 4,500కి పైనే ఉందని చార్టులో చూసుకుని 4,500 (లేకపోతే ఆ అడుగుభాగానికి దిగువనే), ఆ తర్వాత 6,500. ఫీనిక్స్ క్లాస్ బి అంతస్తుల గోపురాన్ని తలకిందులు చేసినట్టు ఉంటుంది. దాని పైకప్పు 9,000 అడుగులు. చార్టులో 90 కింద 40 అని ఉంటే ఆ ముక్క 4,000 నుంచి 9,000 దాకా అని. మారికోపా దాటకముందే 6,500కి ఎక్కేస్తే అనుమతి లేకుండా ఏదో ఒక అరలోకి తల దూర్చే ప్రమాదం ఉంది. చాలామంది దొరికిపోయేది ఇక్కడే. అడ్డంగా గీత దాటామా అని చూసుకుంటారు, నిలువుగా చూసుకోరు.

హైవే ఎప్పుడూ ఎడమ రెక్క కింద, రెండు మూడు మైళ్ల దూరంలో కనబడుతుండాలి. ఉత్తరపు గాలి 10 నాట్లు (గంటకు 10 నాటికల్ మైళ్లు) వీస్తుంటే, ముక్కు తిప్పి సరిచేయకపోతే, అరగంటలో 5 నాటికల్ మైళ్లు దక్షిణానికి జరిగిపోతారు. అంటే తిన్నగా రేంజ్‌లోకే. తిరిగొచ్చేటప్పుడు రోడ్డు కుడి రెక్క కింద ఉంటుంది, అంటే రెండుసార్లూ మీరు ఉత్తరపు పక్కనే. ఎదురొచ్చేవాళ్లూ అక్కడే ఉంటారు. మిమ్మల్ని విడదీసేది ఎత్తు ఒక్కటే. అందుకే వచ్చేటప్పుడు 5,500 అన్నది కచ్చితంగా పాటించండి.

పెట్రోల్ లెక్క తేలిక. 110 నాట్ల వేగంతో గంటా ఇరవై నిమిషాలు, గంటకు 9 గాలన్లు అనుకుంటే 12 గాలన్లు. పగటి విజువల్ ఫ్లైట్‌కి (బయటికి కళ్లతో చూసుకుంటూ ఎగిరేది) చట్టం అడిగేది అరగంట నిల్వ. ఎడారిలో మేం గంటకు తక్కువ ఒప్పుకోం.

బయల్దేరే రోజు పొద్దున, మళ్లీ ఇంజిన్ స్టార్ట్ చేసే ముందు, నోటమ్‌లూ (పైలట్లకు ఇచ్చే తాజా హెచ్చరికలు) తాత్కాలిక నిషేధాలూ చూడండి. రాత్రి చూసింది పొద్దుటికి పాతబడుతుంది. యూమాలో మెరైన్లూ పౌర విమానాలూ ఒకే రన్‌వేలు వాడతాయి. కాబట్టి చాలా ముందే యూమా అప్రోచ్ కంట్రోలర్‌తో మాట్లాడండి.

ప్రశ్న: ఫ్లైట్ ఫాలోయింగ్‌లో (రాడార్ మీద మనల్ని గమనిస్తూ పక్క విమానాల గురించి చెప్పే సేవ) ఉన్నాం, కంట్రోలర్ మన విమానాన్ని చూస్తూనే ఉన్నాడు. అలాంటప్పుడు క్లాస్ బిలోకి వెళ్తే తప్పేంటి?
- ఫ్రిస్కో, టెక్సస్

జవాబు: తప్పే. ఫాలోయింగ్ అనుమతి కాదు. క్లాస్ బికి "క్లియర్డ్ ఇంటూ ద బ్రావో" (బ్రావో అంటే రేడియోలో బి) అన్న మాట మీ విమానం నంబరుతో సహా వినబడాలి. వినబడకపోతే అడగండి, లేదా అంచు బయటే చుట్టు తిరగండి. అంతకంటే చిన్న విమానాశ్రయాల చుట్టూ ఉండే క్లాస్ సి, డిలకు రెండు వైపులా మాట కలిస్తే చాలు. ఇక్కడొక మెలిక ఉంది: కంట్రోలర్ మీ నంబరు చెప్పి "స్టాండ్‌బై" అన్నా మాట కలిసినట్టే, లోపలికి వెళ్లొచ్చు. నంబరు లేకుండా "ఎయిర్‌క్రాఫ్ట్ కాలింగ్, స్టాండ్‌బై" అంటే బయటే ఆగాలి. అర్థం కానప్పుడు మనవాళ్లు మొహమాటానికి "రోజర్" అనేస్తుంటారు. "సే అగైన్" అనడానికి సిగ్గుపడక్కర్లేదు.

ప్రశ్న: దారిలో రాండాల్ఫ్ మిలిటరీ ఆపరేషన్స్ ఏరియా (సైనిక విమానాలు శిక్షణ తీసుకునే గగనతలం) వస్తోంది. చుట్టు తిరిగి పోవాలా?
- శాన్ ఆంటోనియో

జవాబు: విజువల్‌గా వెళ్లేవాళ్లకు అక్కడ అనుమతి అక్కర్లేదు. రెస్ట్రిక్టెడ్ ఏరియాకీ దీనికీ తేడా అదే. అయితే అక్కర్లేదు కదా అని వెళ్లిపోకండి. చార్టు అంచున ఉన్న పట్టికలో ఆ పేరు వెతికితే ఎత్తు, వేళలు, ఎవరి అదుపులో ఉందీ దొరుకుతాయి. ఆ కంట్రోలర్‌ని రేడియోలో అడిగితే ఇప్పుడు వాడకంలో ఉందో లేదో చెబుతాడు. ఉంటే చుట్టు తిరగడమే మా సలహా, ఎందుకంటే శిక్షణలో ఉన్న జెట్ పైలట్ కళ్లు సగంసేపు లోపలి పరికరాల మీదే ఉంటాయి.

మీరు అడగలేదు కానీ, అంతకంటే ఎక్కువగా జారిపోయేవి మిలిటరీ శిక్షణ మార్గాలు. చార్టులో బూడిదరంగు సన్నగీత, పక్కన వీఆర్ (విజువల్ మార్గం) గానీ ఐఆర్ (పరికరాలతో ఎగిరే మార్గం) గానీ, ఒక నంబరు. నాలుగంకెలుంటే ఆ మార్గమంతా భూమి నుంచి 1,500 అడుగుల లోపే. మూడంకెలుంటే ఎక్కడో ఒకచోట అంతకంటే పైకి వెళ్తుంది. గీసేది నడిగీత మాత్రమే. మార్గం రెండు పక్కలా మైళ్ల కొద్దీ పరుచుకుని ఉంటుంది. 420 నాట్లతో వచ్చే జెట్ నిమిషానికి 7 నాటికల్ మైళ్లు మింగుతుంది. అందుకని దాటాల్సి వస్తే గీతకు తొంభై డిగ్రీల్లో అడ్డంగా, ఎత్తులో, గబుక్కున దాటండి. ఒక జెట్ కనిపిస్తే రెండోదాని కోసం వెతకండి.

ప్రశ్న: మనస్సస్ నుంచి ఎగురుతాను. వాషింగ్టన్ చుట్టూ ఉన్న ప్రత్యేక నియమాల ప్రాంతానికి మామూలు ఫ్లైట్ ప్లాన్ సరిపోదా?
- యాష్‌బర్న్, వర్జీనియా

జవాబు: సరిపోదు. ఆ వలయం వాషింగ్టన్ నేషనల్ విమానాశ్రయంలోని వీఓఆర్ (దారి చూపే రేడియో కేంద్రం) నుంచి 30 నాటికల్ మైళ్లు. దానికి వేరే ప్లాన్ వేయాలి. ఆ ప్లాన్ వేసినంత మాత్రాన మీరు తప్పిపోతే ఎవరూ వెతకరు. గాలింపు కావాలంటే మామూలు విజువల్ ప్లాన్ విడిగా వేసుకోవాలి. నేల మీద ఉండగానే కోడ్ తీసుకుని ట్రాన్స్‌పాండర్‌లో (రాడార్‌కి మీ విమానాన్ని చూపించే పరికరం) పెట్టండి. అలవాటు చొప్పున మామూలు విజువల్ కోడ్ 1200 పెట్టారంటే పెద్ద గొడవే. ఆ కోడ్ క్లాస్ బి అనుమతి కాదని కూడా గుర్తుంచుకోండి. 60 నాటికల్ మైళ్ల లోపు విజువల్‌గా ఎగిరే ప్రతి పైలట్ ముందుగా ఆన్‌లైన్ శిక్షణ పూర్తిచేసి ఉండాలి. నేల నుంచి ఎరుపు, ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు మీ మీదికే మెరిస్తే అది హెచ్చరిక. మాట్లాడుతున్న కంట్రోలర్‌ని పిలవండి, ఎవరితోనూ మాట్లాడకపోతే అత్యవసర ఫ్రీక్వెన్సీ 121.5.

ప్రశ్న: హైదరాబాద్‌లో శిక్షణ మొదలుపెట్టబోతున్నాను. ఇవన్నీ ఇక్కడా వర్తిస్తాయా?
- సికింద్రాబాద్

జవాబు: లెక్క అదే, పద్ధతి వేరు. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాద్ ఒకదాని పక్కన ఒకటి ఉన్న నగరం మీది. అందులో రెండు పూర్తిగా వైమానిక దళానివి. అమెరికాలోలా ఎవరికీ చెప్పకుండా విజువల్‌గా ఊరు దాటి పోవడం ఇక్కడ కుదరదు. ఫ్లైట్ ప్లాన్ వేయాలి, ఎఫ్‌ఐసీ (ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్) నంబరు, వైమానిక రక్షణ వాళ్లిచ్చే ఏడీసీ (ఎయిర్ డిఫెన్స్ క్లియరెన్స్) నంబరు తీసుకోవాలి. ఆ రెండు నంబర్లూ మోకాలి ప్యాడ్ మీద మొదటి వరుసలో రాసుకోండి, టవర్ అడిగేసరికి కళ్ల ముందుంటాయి.