రైఫిల్ మార్చకండి, అమ్మాయి పాదాలు చూడండి

మీరు అడిగింది ఇది: అమెరికాలో ఎన్‌ఆర్‌ఏ (నేషనల్ రైఫిల్ అసోసియేషన్) మార్క్స్‌మన్‌షిప్ క్వాలిఫికేషన్ ప్రోగ్రామ్‌లో, అంటే మెట్టు మెట్టుగా గురి పరీక్షించే కార్యక్రమంలో, మీ అమ్మాయి ఎయిర్ రైఫిల్‌తో (గాలి ఒత్తిడితో కాల్చేది) మార్క్స్‌మన్ ఫస్ట్ క్లాస్ అనే మెట్టు దాకా చకచకా వచ్చేసింది. నిలబడి కాల్చాల్సి వచ్చేసరికి, ఆ పై మెట్టైన షార్ప్‌షూటర్ దగ్గర ఆగిపోయింది. ఇంకా ఖరీదైన రైఫిల్ కొనాలా?

వద్దు. పడుకుని కాల్చినప్పుడు ఒకే చోట గుంపుగా పడ్డ పెల్లెట్లు (చిన్న సీసం గుళ్ళు) నిలబడగానే చెదిరిపోతున్నాయంటే తేడా గొట్టంలో లేదు, నిలబడే తీరులో ఉంది. కొత్త రైఫిల్ కొంటే బరువు, బట్ (భుజానికి ఆనించే వెనక భాగం) పొడవు, ట్రిగ్గర్ అన్నీ మళ్ళీ మొదటినుంచి అలవాటు చేసుకోవాలి.

కుడిచేతి వాటం అనుకుందాం. ఎడమ పక్క టార్గెట్ వైపు తిప్పి, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడాలి. ఎడమ మోచేతిని పక్కటెముకలకో నడుము ఎముకకో ఆనించాలి. రైఫిల్ బరువు ఎముకలు మోయాలి, కండలు కాదు. కండలు మోస్తే పదో షాట్‌కల్లా చెయ్యి వణుకుతుంది. ఇప్పుడు గురి పెట్టి, కళ్ళు మూసుకుని, రెండుసార్లు ఊపిరి తీసి వదిలి, కళ్ళు తెరవమనండి. సైట్ (గురి చూసే అమరిక) టార్గెట్ మధ్యలోని నల్ల చుక్కకి ఎడమగా పోయి ఉంటే చేత్తో కుడికి లాగకూడదు. ఎడమ పాదం కదపకుండా కుడి పాదాన్ని వీపు వైపు ఒక సెంటీమీటరు జరిపితే గొట్టం దానంతటదే కుడికి వస్తుంది. కుడికి పోయి ఉంటే కుడి పాదం ముందుకి. మళ్ళీ కళ్ళు మూసి చూసుకోవాలి. చేత్తో లాగి గురి కుదిర్చితే ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కండ వదులై రైఫిల్ పాత చోటికే పోతుంది. షార్ప్‌షూటర్ దగ్గర ఆగిపోయేవాళ్ళలో ఎక్కువమందికి అడ్డం ఇదే.

రెండో అడ్డం, గురి కుదరనప్పుడు రైఫిల్ దించడం రాకపోవడం. మూడు షాట్లు బాగా పడతాయి. నాలుగోదానికి సైట్ ఊగుతుంది. పిల్ల ఊపిరి బిగబట్టి పది, పన్నెండు సెకన్లు అలాగే చూస్తుంది. నల్ల చుక్క అంచు మసకబారుతుంది. అంతలో సైట్ మధ్యకి రాగానే ‘ఇదే అదను’ అని ట్రిగ్గర్‌ని లాగేస్తుంది. ఆ ఒక్క పెల్లెట్ కార్డు (కాగితం టార్గెట్) మొత్తం స్కోరుని ముంచుతుంది. ఊపిరి సగం వదిలి ఆపాక ఎనిమిది సెకన్లలో షాట్ వెళ్ళకపోతే రైఫిల్ దించి, ఊపిరి పీల్చుకుని మళ్ళీ ఎత్తాలి. ఒక షాట్‌కి నాలుగుసార్లు దించినా తప్పులేదు.

కార్డు చదవడం నేర్పండి. చిల్లులు నిలువుగా పేరుకుంటే ఊపిరి చూడండి, అడ్డంగా చెదిరితే పాదాలూ ట్రిగ్గర్ వేలూ. కుడికీ కిందికీ పోతుంటే రైఫిల్ కుడికి ఒరుగుతోందేమో గమనించండి. ఒక్క షాట్ చూసి సైట్ తిప్పొద్దు. ఐదు కాల్చి, ఆ గుంపు మధ్యని బట్టి తిప్పండి. పెల్లెట్లు చదునైన ముక్కువే వాడండి, కార్డులో గుండ్రంగా తెగి, స్కోరు వలయం గీత తగిలిందో లేదో తేలిగ్గా తెలుస్తుంది. స్ప్రింగ్ రైఫిల్ అయితే బిగించి పట్టుకోవద్దు, పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కనివ్వొద్దు, లోపల పిస్టన్ దెబ్బతింటుంది. డ్రై ఫైర్ (పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కి సాధన చేసే) సదుపాయం ఉన్న రైఫిలైతే, పెల్లెట్లు వేరే గదిలో పెట్టి, ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకుని, సురక్షితమైన దిక్కుకే గొట్టం ఉంచి, రోజూ పదిహేను నిమిషాలు చేస్తే చాలు. రేంజ్‌లో పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి, అది సీసం.

తల్లిదండ్రులకి ఒక మాట. వెనక నిలబడి ప్రతి షాట్‌కీ ‘తొమ్మిది’, ‘అయ్యో ఏడు’ అనకండి. పిల్ల చూపు సైట్ మీదనుంచి స్కోరు మీదకి పోతుంది. ఈ ప్రోగ్రామ్‌లో పక్కవాళ్ళతో పోటీ లేదు, నిర్ణయించిన స్కోరు దాటితే చాలు. కావలసిన కార్డులన్నీ ఒకే రోజు రానక్కర్లేదు, వరుసగా కూడా రానక్కర్లేదు.

షార్ప్‌షూటర్ తర్వాతి మెట్టు ఎక్స్‌పర్ట్ దాకా మీరు రాసుకున్న స్కోరునే నమ్ముతారు, ఆఖరి మెట్టు డిస్టింగ్విష్డ్ ఎక్స్‌పర్ట్‌కి మాత్రం సాక్షులు కావాలి. అందుకే ముప్ఫై కార్డులు కాల్చి మంచివి ఏరుకునే పద్ధతి నాకు నచ్చదు. రూల్ అడగకపోయినా, లెక్కలోకి వచ్చే కార్డు మీద కాల్చకముందే తేదీ రాయించండి. ప్రాక్టీసులో కావలసిన స్కోరుకన్నా మూడు, నాలుగు పాయింట్లు ఎక్కువగా వస్తున్నప్పుడే ఆ తేదీ రాయడం మొదలుపెట్టండి.