పూలమడి: డాలియా ముఖం కాదు, వీపు చూడాలి

ప్రశ్న: అక్కా, మేము సియాటిల్ దగ్గర బాథెల్‌లో ఉంటాం. ఇంటి వెనక ఇరవై అడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు ఉన్న మడి ఖాళీగా ఉంది. ఈ వేసవికి డాలియాలు వేసి, వారానికి నాలుగైదు బొకేలు కట్టి తెలిసినవాళ్ళకు అమ్మాలని ఆశ. కేటలాగ్ తెరిస్తే వందల రకాలు, టెన్షన్ వచ్చేస్తోంది. కేఫే ఓ లే ఫొటో చూసి మనసు పడ్డాను. పది దుంపలు తెప్పించుకోనా? బతుకమ్మకు కూడా మన పూలే పెట్టాలని మా అమ్మాయి అడుగుతోంది.
- ఒక పాఠకురాలు, బాథెల్

జవాబు: చెల్లీ, పది వద్దు. రెండు చాలు.

నేను మొదటి ఏడాది తొమ్మిది వేశాను. స్నేహితురాలి కూతురి పెళ్ళికి పూలు నేనే ఇస్తానని మాట కూడా ఇచ్చేశాను. ఒక్కో పువ్వు టిఫిన్ ప్లేటంత, పాలు ఎక్కువైన కాఫీ రంగు. పొద్దున్నే కోసి, బకెట్లలో పెట్టి, కారు వెనక సర్దాను. నలభై నిమిషాల దారి. దిగి చూసేసరికి పువ్వుకు పువ్వు ఒరుసుకున్న చోటల్లా రేకుల మీద గోధుమ రంగు మచ్చలు, అరటి తొక్క కమిలినట్టు. ముప్ఫై పూలలో పదకొండు మిగిలాయి. పెళ్ళికూతురి తల్లి ఒక్క మాట అనలేదు. ఆ రోజు నాకే అన్నం సయించలేదు.

వంకాయలు కొనేటప్పుడు ముందు తొడిమ చూస్తాం కదా, డాలియాకు వీపు చూడాలి. ఈ పువ్వు వెనక నుంచి ముసలిదవుతుంది. ముందు నుంచి నవనవలాడుతున్నట్టే ఉంటుంది, తిప్పి చూస్తే కాడ దగ్గరి రేకులు పల్చబడి, తడి ఆరిన ఉల్లిపొరలా అయిపోయి ఉంటాయి. కేటలాగ్ ఫొటోలన్నీ ముఖానివే. అందుకే కొత్తవాళ్ళం ముఖం చూసి మోసపోతాం.

మరి ఏ రకాలు? బంతి ఆకారంలో ఉండేవి. ఇక్కడ వాటిని బాల్ అంటారు, ఇంకా చిన్నవైతే పాంపాన్. వాటి రేకులు కిళ్ళీ చుట్టినట్టు లోపలికి ముడుచుకుని, ఒకదాని పక్కన ఒకటి బిగువుగా కూర్చుంటాయి. బకెట్లో ఒకదానికొకటి తగిలినా త్వరగా కమలవు. నీ మడిలో అడుగున్నర ఎడంతో రెండు వరసలు వేస్తే వరసకు పదమూడు, మొత్తం 26 దుంపలు పడతాయి. నేనైతే ఐదు కార్నెల్ వేస్తాను. ముదురు ఎరుపు బంతి, గట్టి కాడ. ఒకే ఒక్క రకం ఉంచుకోమంటే నేను దాన్నే ఉంచుకుంటాను. నా వంటింటి గట్టు మీద నీళ్ళు రోజూ మారుస్తూ ఉంటే ఆరేడు రోజులు నిలిచింది, అదే చోట కేఫే ఓ లే మూడోరోజుకే వాలిపోయింది. నారింజ రంగుకు మార్న్ ఐదు. జోయి విన్నీ, లిండాస్ బేబీ నాలుగేసి. రెండూ గులాబీకీ పీచ్ పండుకూ మధ్య రంగులు, బొకేలో ఏ పూల పక్కనైనా ఒదిగిపోతాయి. తెలుపుకు స్మాల్ వరల్డ్ అనే పాంపాన్ మూడు. కర్మ చాక్ మూడు. ఈ కర్మ వరస (పేరు మన మాటే, చూడు) నెదర్లాండ్స్‌లో కోసి అమ్మే పూల కోసమే తయారుచేశారు. చాక్లెట్ కలిసిన ఎరుపు, కాడలు పొడుగ్గా నిటారుగా వస్తాయి. మిగిలిన రెండు చోట్లలో నీ కేఫే ఓ లే పెట్టుకో. నీ బల్ల మీదికి కోసుకో, కారెక్కించకు.

నడుమ పసుపు కన్ను కనిపించే రకాలు, బిషప్ ఆఫ్ లాండాఫ్ లాంటివి, తోటలో చాలా బాగుంటాయి. ముదురు ఆకు, మంటలాంటి ఎరుపు. కానీ తేనెటీగ వచ్చి వాలిందా, ఆ పువ్వు పని అయిపోయినట్టే, కోసిన రెండు రోజులకు రేకులు రాలతాయి. వాటిని తేనెటీగలకే వదిలేద్దాం.

డబ్బు కట్టేముందు ఒకసారి కళ్ళతో చూసి రా. సియాటిల్‌కు 1913 నుంచీ డాలియానే నగర పుష్పం. వాలంటీర్ పార్కులో డాలియా మడులు ఉన్నాయి, ఆగస్టు నుంచి ఏ సాయంత్రమైనా వెళ్ళొచ్చు. ఆరెగాన్‌లోని కాన్బీలో స్వాన్ ఐలాండ్ అనే డాలియా కంపెనీ వాళ్ళ పొలం ఎకరాల కొద్దీ ఉంటుంది, వేసవి చివర పండగలా జరుపుతారు. వరసల మధ్య నడుస్తూ ప్రతి పువ్వు వెనక్కూ వంగి చూడు. కాడ మీద పువ్వు తల ఎటు తిరిగి ఉందో చూడు. నేలచూపులు చూసే పువ్వు బొకేకు పనికిరాదు.

ఈ ఏటికి మాత్రం నేను చెప్పినవాటితో మొదలుపెట్టు. దుంప చేతికి రాగానే కన్ను ఉందో లేదో చూసుకో, ఆలుగడ్డకు ఉన్నట్టే. కన్ను లేని దుంప ఎంత లావుగా ఉన్నా మొలకెత్తదు. ఏప్రిల్ చివరో మే మొదట్లోనో నాటు. మన దగ్గర వసంతంలో వానకు కొదవ లేదు కాబట్టి మొలక పైకి వచ్చేదాకా నీళ్ళు పోయకు, దుంప కుళ్ళుతుంది. మొలక రాగానే చిప్ప లేని నత్తలు రాత్రికి రాత్రే కొరికేస్తాయి, టార్చి పట్టుకుని ఏరాల్సిందే.

చేతులు వణికే పని ఒకటుంది. మొక్క అడుగు ఎత్తు వచ్చి, మూడు నాలుగు జతల ఆకులు తొడగగానే నడిమి చిగురు తుంచెయ్యాలి. నాకు మొదటిసారి పాపం అనిపించింది. అది తుంచితేనే పక్క కొమ్మలు లేస్తాయి, పొడుగు కాడలు వస్తాయి. తర్వాత మొగ్గలు మూడేసి వస్తాయి, నడిమిది ఉంచి పక్క రెండూ గిల్లెయ్యి. కోసేటప్పుడూ పిసినారితనం వద్దు. మూరెడు కాడతో, కణుపు పైన కొయ్యి. పైపైన జానెడు కోస్తే తర్వాత వచ్చేవన్నీ జానెడే వస్తాయి.

బతుకమ్మ సంగతి. ఇక్కడ తంగేడు లేదు, గునుగు లేదు. కానీ బతుకమ్మ వచ్చే సెప్టెంబరు, అక్టోబరుల్లోనే మన డాలియాలు విరగబూస్తాయి. బతుకమ్మకు పొడుగు కాడ అక్కర్లేదు కదా, అందుకని సెప్టెంబరు మొదటి వారం నుంచి సగం మొక్కలకు పక్క మొగ్గలు గిల్లడం మానేస్తాను. ఒక్కో కొమ్మకు మూడేసి చిన్న పూలు చేతికొస్తాయి. ముందు రాత్రి కోసి, మెడ దాకా నీళ్ళలో ముంచి చల్లటి గదిలో పెట్టి, మధ్యాహ్నం తాంబాళంలో పేరుస్తాం. గునుగు ఉండాల్సిన చోట స్మాల్ వరల్డ్, దాని మీద మార్న్ వరస, మళ్ళీ తెలుపు, మళ్ళీ కార్నెల్. పోయినసారి మా అత్తమ్మ జగిత్యాల నుంచి వచ్చి, వరసల మీద చెయ్యి పెట్టి నొక్కి చూసి, "గట్టిగనే ఉన్నది బిడ్డా" అన్నది. రాత్రి ఆట అయ్యేదాకా ఒక్క వరస కూడా వాడలేదు.

పేర్చేముందు ప్రతి పువ్వునూ తలకిందులుగా పట్టి విదిలించమని అమ్మాయికి చెప్పు. తోక దగ్గర పట్టకారు ఉన్న ఇయర్‌విగ్ పురుగులు రేకుల మధ్య నిద్రపోతుంటాయి.

ప్రశ్న: గులాబీల్లాగా డాలియాను మొగ్గగా కోస్తే సీసాలో విచ్చుకుంటుందా?
- పోర్ట్‌లాండ్ నుంచి

జవాబు: విచ్చుకోదమ్మా. గట్టి మొగ్గను కోస్తే అలాగే ఉండి వాడిపోతుంది. ముప్పావు వంతు విచ్చాక, ఎండ ఎక్కకముందే కొయ్యండి. నీళ్ళలో మునిగే ఆకులన్నీ తీసేయండి. కాడ గొట్టంలా బోలుగా ఉంటుంది, నలగ్గొట్టకుండా పదునైన కత్తెర వాడండి.

ప్రశ్న: మేడమ్, హైదరాబాద్‌లో మా మేడ మీద ఈ రకాలు వస్తాయా? రిటైరయ్యాను, టైమ్ ఉంది.
- కూకట్‌పల్లి నుంచి

జవాబు: వస్తాయండీ, కాకపోతే కాలం తిరగేయాలి. మాకు వేసవి పంట, మీకు చలికాలం పంట. సెప్టెంబరు, అక్టోబరుల్లో వేళ్ళు పట్టిన కొమ్మలు నాటితే డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా పూస్తాయి. ఎగ్జిబిషన్లలో పెట్టే కెల్విన్ ఫ్లడ్‌లైట్ లాంటి పెద్ద పసుపు పూలు చూసి మోజు పడకండి, కోసుకోవడానికి బంతి ఆకారపు చిన్న డాలియాలే మేలు. పన్నెండు అంగుళాల కుండీ చాలు. డిసెంబరులో మీకు పగలు సుమారు పదకొండు గంటలే. పగలు అంత చిన్నదైతే మొక్క తన బలాన్ని దుంపకు పంపేస్తుంది, పూలకు నడుమ పసుపు కన్ను తేలుతుంది. పొద్దుగూకాక కుండీల మీద ఒక బల్బు రెండు మూడు గంటలు వెలిగించి చూడండి. రెండు కుండీల మీదే వెలిగించి, మిగతావాటితో పోల్చి చూసుకోండి. సంక్రాంతికి ఏది ఎలా పూసిందో నాకు రాయండి.