బుజ్జీ, తూము లేని కాలువ తవ్వకు

సత్యనారాయణపురం, విజయవాడ

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోను చేసినప్పుడు పొయ్యి మీద పులుసు ఉండి సరిగా మాట్లాడలేకపోయాను. అయినా ఇలాంటివి ఫోనులో చెబితే సగం గాలికే పోతాయి. రాస్తే నీ దగ్గర ఉంటుంది, అవసరమైనప్పుడు తీసి చూసుకుంటావు.

గుంటూరు బ్రాడీపేటలో నువ్వు తెరిచిన ట్యూషన్ సెంటరుకు రెండేళ్లలో నూట ఇరవై మంది పిల్లలు రావడం నాకు చాలా సంతోషం. నీ ఇబ్బంది కూడా అర్థమైంది. హాజరు, టైంటేబులు కొత్తగా కొన్న సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. చేరతామని వచ్చేవాళ్ల వివరాలు గూగుల్ ఫారంలో ఉన్నాయి. ఫీజు ఫోన్‌పేలో కొంత, చేతికి కొంత వస్తోంది. తల్లిదండ్రులతో మాటలన్నీ వాట్సాప్‌లోనే. వీటన్నిటినీ ఒకదానికొకటి కలిపేస్తే రాత్రి పదింటికి కూర్చుని లెక్కలు రాసే బాధ తప్పుతుందని నీ ఆశ. తప్పుతుంది, నాకు తప్పింది. అయితే అది తప్పేలోగా నేను చేసిన తప్పులు నువ్వు చేయకూడదనే ఈ ఉత్తరం.

ముందుగా 2024 సెప్టెంబరు సంగతి చెబుతాను. ఇది మీ అమ్మకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అప్పటికి ఇక్కడ నా ట్యూషన్ సెంటరులో అన్నీ కలిసిపోయి చక్కగా నడుస్తున్నాయి. ప్రతి నెలా మూడో తేదీ సాయంత్రం, ఫీజు కట్టనివాళ్లు ఎవరో సాఫ్ట్‌వేర్ చూసుకుని వాళ్ల తల్లిదండ్రులకు సందేశం పంపేది. నేను వేలు కదపనవసరం లేదని ఎంత మురిసిపోయానో. ఆ నెల మొదటి తేదీకల్లా బుడమేరు ఊరి మీద పడింది. నీకు తెలుసుగా, మా ఇంటి దగ్గర రైలు పట్టాలు దాటి ఫ్లైఓవర్ దిగితే సింగ్‌నగర్. నా పిల్లల్లో మూడోవంతు అక్కడివాళ్లే. మేము ఇక్కడ పులిహోర పొట్లాలు కట్టి ఫ్లైఓవర్ దగ్గరికి పంపుతున్నాం. మూడో తేదీ సాయంత్రం, మేడల మీద తాగే నీటి కోసం ఎదురుచూస్తున్న ఆ తల్లిదండ్రుల ఫోన్లకు నా పేరుతో సందేశం వెళ్లింది: ‘సెప్టెంబరు ఫీజు ఇంకా అందలేదు. దయచేసి వెంటనే చెల్లించగలరు.’

ఒక తల్లి, ఫోనులో మిగిలిన కాస్త ఛార్జింగ్ ఖర్చు పెట్టి, ‘టీచరు గారూ, నీళ్లలో ఉన్నాం’ అని జవాబిచ్చింది.

పంపింది నేను కాదు, యంత్రం అని ఎవరితో చెప్పను? కింద ఉన్నది నా పేరు. నీళ్లు తీశాక బురదలో ఇంటింటికీ వెళ్లి క్షమించమని అడిగాను. ఆ నెల ఫీజు తీసుకోలేదు. అది పెద్ద త్యాగం ఏమీ కాదు, సిగ్గు.

కృష్ణ పక్కన పుట్టి పెరిగినవాళ్లం, తూము లేకుండా కాలువ తవ్వకూడదని మనకు ఒకరు చెప్పాలా? నేను తవ్వాను. ఇప్పుడు నా గూగుల్ షీట్‌లో మొట్టమొదటి గడి పేరు ‘తూము’. అందులో ‘తెరువు’ అనో ‘మూయి’ అనో ఉంటుంది. బయటికి వెళ్లే ప్రతి సందేశమూ ముందు ఆ గడిని చూసి, ‘తెరువు’ ఉంటేనే కదులుతుంది. తుపాను వచ్చినా, పిల్లవాడి ఇంట్లో ఎవరైనా పోయినా, దసరాకు మూలా నక్షత్రం రోజు ట్రాఫిక్ మళ్లించి సగం మంది క్లాసుకు రాలేకపోయినా, నేను ఫోనులోనే ఆ ఒక్క మాట మార్చేస్తాను. నువ్వు ఏ పని కలిపినా ముందు ఈ గడి పెట్టుకో, మిగతావి తర్వాత.

ఫీజు అడిగే సందేశాన్ని మాత్రం దాని ఇష్టానికి వదలడం పూర్తిగా మానేశాను. ఇప్పుడు యంత్రం ఉదయం తొమ్మిదికి బాకీ ఉన్నవాళ్ల జాబితా తయారుచేసి నాకే పంపుతుంది. ఉద్యోగం పోయిన తండ్రి, ఆసుపత్రిలో ఉన్న తాతగారు, ఇవన్నీ సాఫ్ట్‌వేర్‌కు తెలియవు, నాకు తెలుసు. వాళ్ల పేర్లు తీసేసి, మిగిలినవాటికి టిక్కు పెడితే అప్పుడు వెళతాయి. మొత్తం నాలుగు నిమిషాల పని. ఆ నాలుగు నిమిషాలు కూడా మిగుల్చుకోవాలని చూడకు. రసీదు, హాజరు, టైంటేబులు మార్పు లాంటివి నిన్ను అడగకుండా వెళ్లినా ఫరవాలేదు.

ఇక అసలు పని ఎలా నడుస్తుందంటే, అన్నిటికీ సూత్రం ఒక్కటే: ఇక్కడ ఇది జరిగితే అక్కడ అది చెయ్యి. జరిగిన సంగతి తెలియడానికి రెండు దారులున్నాయి. పాలవాడు వచ్చి గంట కొట్టడం ఒకటి. మనమే పావుగంటకోసారి గేటు దాకా వెళ్లి చూసి రావడం రెండోది. గంట కొట్టేదాన్ని వెబ్‌హుక్ అంటారు. నీ సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లకు ఇవాళే ఫోను చేసి రెండు ప్రశ్నలు అడుగు: వెబ్‌హుక్ ఉందా? ఏపీఐ, అంటే వేరే సాఫ్ట్‌వేర్ వచ్చి దీనితో మాట్లాడే తలుపు, నేను కట్టిన ప్లానులో వస్తుందా, ఇంకా పై ప్లానుకు వెళ్లాలా? ‘అన్నీ ఉన్నాయి మేడమ్’ అంటే నమ్మకు, తెర మీద చూపించమను.

ఒక సాఫ్ట్‌వేర్ కబురు ఇంకోదానికి చేరవేస్తూ మధ్యలో కలిపే సాధనాల గురించి అడిగావు. జాపియర్ 2011 నుంచి ఉంది. మేక్ అనేదాని పాత పేరు ఇంటెగ్రోమ్యాట్. ఎన్‌ఎయిట్‌ఎన్‌ను మన సొంత సర్వరులో పెట్టుకోవచ్చు, కానీ దాన్ని చూసుకునే మనిషి కావాలి. ప్యాబ్లీ కనెక్ట్ మన దేశంవాళ్లది. నీ పనికి వీటిలో ఏదైనా చాలు. తేడా లెక్కపెట్టే పద్ధతిలో ఉంది, డబ్బు అక్కడే పోతుంది. జాపియర్ ఉచిత ఖాతాలో నెలకు 100 పనులే. ఇప్పుడు నీ లెక్క చూడు. రోజూ అందరికీ ‘మీ పాప వచ్చింది’ అని పంపుతానన్నావు. 120 మంది, నెలకు 26 రోజులు, అంటే 3,120 సందేశాలు. ఒక్కోదానికి నంబరు వెతకడం, పంపడం, పంపినట్టు రాసుకోవడం అని మూడు పనులు వేసుకుంటే 9,360. అదే రానివాళ్లకు మాత్రమే పంపితే, రోజుకు ఎనిమిది మంది అనుకో, నెలకు 208 సందేశాలు, 624 పనులు. డబ్బు మాట అటుంచు. రోజూ వచ్చే సందేశాన్ని ఏ తల్లీ చదవదు. ‘మీ పాప ఇవాళ రాలేదు’ అన్నది వెంటనే చదువుతుంది.

అన్నిటికంటే ఎక్కువ తలనొప్పి వచ్చింది పేర్లతో. మన పిల్లల పేర్లు నీకు తెలియనివా? ఒక్క బ్యాచ్‌లోనే నలుగురు సాయిలు. లక్ష్మి అని ఇంగ్లీషులో రాయమంటే తండ్రి ఒకలా రాస్తాడు, తల్లి ఇంకోలా రాస్తుంది, ఆధార్ కార్డులో మూడోలా ఉంటుంది. మనిషికి అదంతా ఒకే అమ్మాయి. యంత్రానికి ముగ్గురు. పోనీ ఫోను నంబరుతో గుర్తుపట్టమందామా? అక్కాతమ్ముళ్లిద్దరికీ వాళ్ల అమ్మ నంబరే ఉంటుంది. నేను అదే చేసి, అక్క మార్కులు తమ్ముడి పేరుతో పంపించాను. వాడు పండగ చేసుకున్నాడనుకో, అది వేరే సంగతి. కాబట్టి చేరిన రోజే ప్రతి పిల్లకూ ఒక అడ్మిషన్ నంబరు ఇవ్వు. సాఫ్ట్‌వేర్‌లో, షీట్‌లో, రసీదులో, అన్నిచోట్లా ఆ నంబరే ఉండాలి. పోల్చి చూసుకోవడం దానితోనే జరగాలి. ఇది యంత్రంతో అయ్యే పని కాదు. రెండు ఆదివారాలు నువ్వు కూర్చుని చేయాల్సిందే. ఇది చేయకుండా తీగలు కలిపావంటే, ఇప్పుడు ఒక పుస్తకంలో ఉన్న గందరగోళం అయిదు చోట్లకు పాకుతుంది.

ఫీజు దగ్గరికి వద్దాం. నీ గోడకు అంటించిన క్యూఆర్ కోడ్ నీ సొంత ఖాతాది. డబ్బు పడిందని నీ ఫోను చెబుతుందే గాని, నీ సాఫ్ట్‌వేర్‌కు ఎవరూ చెప్పరు. అది చెప్పాలంటే రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి పేమెంట్ గేట్‌వేలో వ్యాపార ఖాతా తెరవాలి. అప్పుడు ఒక్కో పిల్ల పేరుతో లింకు తయారవుతుంది, దానిలోపల అడ్మిషన్ నంబరు పెట్టొచ్చు. బాబాయి కట్టినా, దుబాయిలో ఉన్న మేనమామ కట్టించినా డబ్బు ఎవరి ఖాతాకు చేరాలో దానికి చేరుతుంది. వాళ్లు తీసుకునే ఛార్జీ ఎంతో, దాని మీద జీఎస్టీ ఎంతో ముందే అడిగి కాగితం మీద పెట్టించుకో.

ఇక్కడొక చిక్కుంది. డబ్బు పడిందన్న కబురు మన వైపు నుంచి సకాలంలో జవాబు అందకపోతే మళ్లీ వస్తుంది. అది వాళ్ల తప్పు కాదు, కబురు తప్పిపోకూడదని వాళ్లు తీసుకునే జాగ్రత్త. కానీ నువ్వు చూసుకోకపోతే రెండు రసీదులు వెళతాయి, పుస్తకంలో రెండుసార్లు జమ పడుతుంది. అందుకని జమ రాసే ముందు ఆ చెల్లింపు నంబరు షీట్‌లో ఇప్పటికే ఉందేమో వెతికి, ఉంటే ఆగిపోయేలా ఒక మెట్టు పెట్టు.

నగదు మరచిపోకు. చాలామంది తాతయ్యలు ఇప్పటికీ నోట్లే తెస్తారు. ఒకాయన సాయంత్రం డబ్బు చేతిలో పెట్టి వెళ్లారు. క్లాసు మధ్యలో ఉండి సొరుగులో పడేశాను, సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించలేదు. మర్నాడు పొద్దున ఆయనకు బాకీ సందేశం వెళ్లింది. ఫోను చాచి పట్టుకుని వచ్చి, ‘ఆ నోట్ల మీద నా వేలిముద్రలు ఇంకా ఆరి ఉండవమ్మా’ అన్నారు. నగదు ఏదైనా సొరుగులో పడే ముందు సాఫ్ట్‌వేర్‌లో పడాలి. ఇంకో మాట: ఫీజు విషయంలో అసలు పుస్తకం ఒక్కటే, అది నీ సాఫ్ట్‌వేర్. షీట్‌లోకి నకలు రావచ్చు, షీట్ నుంచి అటు వెళ్లకూడదు. రెండు వైపులా కలిపితే ఇది దాన్ని మారుస్తుంది, అది దీన్ని మారుస్తుంది, తెల్లవారేసరికి నీ నెల కోటా అయిపోతుంది.

వాట్సాప్ గురించి చాలామంది నీకు తప్పుడు సలహాలు ఇస్తారు. మామూలు బిజినెస్ యాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితాకు 256 మందే, అదీ నీ నంబరు దాచుకున్నవాళ్లకే చేరుతుంది. దొంగదారిన పంపించే సాధనాలు చవకగా దొరుకుతాయి, వాటి జోలికి వెళితే నంబరే పోతుంది. ఇరవై ఏళ్లుగా అందరికీ తెలిసిన నంబరు పోతే ఏం చేస్తావు? అధికారికంగా ఏపీఐ ద్వారా పంపు, దానికి వేరే సిమ్ తీసుకో. సందేశం నమూనా వాట్సాప్‌వాళ్లకు ముందే పంపి అనుమతి తీసుకోవాలి, తెలుగులో కూడా ఇస్తారు. అవతలివాళ్లు మనకు రాస్తే అప్పటి నుంచి 24 గంటలు మాత్రం నమూనా లేకుండా మాట్లాడవచ్చు. రసీదులు, హాజరు ఒక రకం, ‘కొత్త బ్యాచ్ మొదలు’ లాంటి ప్రచారం ఇంకో రకం. రెండోదానికి రేటు ఎక్కువ.

ఎస్ఎంఎస్ పంపాలంటే టెలికాం కంపెనీలు నడిపే డీఎల్‌టీ అనే పట్టికలో నమోదు కావాలి. తెలుగులో అయితే ఒక సందేశానికి 70 అక్షరాలే, ఇంగ్లీషులో 160. గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘క్ష’ ఒక్కటే మూడు తింటుంది. నేను ‘తల్లిదండ్రులకు నమస్కారములు’ అని మర్యాదగా మొదలుపెట్టి ప్రతిసారీ రెండు సందేశాల డబ్బు కట్టాను.

టైము సెట్టింగు మొదటి రోజే చూసుకో. వీటిలో కొన్ని మన టైములో ఉండవు. సాయంత్రం ఆరని పెట్టాననుకున్నాను. అది యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక సమయం ప్రకారం ఆరు, మనకు రాత్రి పదకొండున్నర. ‘క్లాసు మొదలవుతోంది’ అని ఆ వేళకు వెళ్లింది. ఇద్దరు తండ్రులు నిజంగానే పిల్లల్ని లేపారట.

ఖాతాలన్నీ నీ ఈమెయిల్ మీదే తెరువు. నాకు మొదట కలిపిపెట్టిన కుర్రాడు మంచివాడే, చక్కగా చేశాడు, కానీ తన మెయిల్‌తో చేశాడు. ఉద్యోగం వచ్చి హైదరాబాదు వెళ్లాక పాస్‌వర్డు మార్చుకున్నాడు, ఇక్కడ అన్నీ ఒకేసారి ఆగిపోయాయి. ఆగినట్టు కూడా నాకు తొమ్మిది రోజులకు గాని తెలియలేదు. ఏదైనా ఆగితే నీకు కబురు వచ్చేలా పెట్టించుకో. ఏపీఐ తాళం ఎవరికీ వాట్సాప్‌లో పంపకు, ఇనప్పెట్టె తాళం పంపుతావా?

పిల్లల వివరాలు పొదుపుగా పంచు. 18 ఏళ్లలోపువాళ్ల సమాచారం వాడాలంటే తల్లిదండ్రుల సమ్మతి కావాలని 2023లో చట్టమే వచ్చింది. అడ్మిషన్ ఫారంలోనే ఆ వాక్యం చేర్చి సంతకం తీసుకో. సందేశం పంపే సాధనానికి పేరు, నంబరు చాలు, మార్కులూ ఇంటి చిరునామా దానికెందుకు?

ఒకేసారి అన్నీ కలపకు. ముందు హాజరు ఒక్కటే పెట్టు. నీ నంబరూ, మీ ఆయన నంబరూ తల్లిదండ్రులవన్నట్టు ఇద్దరు దొంగ విద్యార్థుల్ని చేర్చి, వారం పాటు నీకు నువ్వే సందేశాలు పంపుకో. నచ్చాక పదో తరగతి బ్యాచ్‌కు తప్ప మిగతావాళ్లకు పెట్టు. మార్చిలో పబ్లిక్ పరీక్షలున్న ఇళ్లలో మన ప్రయోగాలు వద్దు.

వచ్చే ఆదివారం పొద్దున బస్సుకు గుంటూరు వస్తున్నాను. పిల్లల జాబితా మొత్తం, ఇంటిపేర్లతో సహా, ఒక షీట్‌లో సిద్ధంగా ఉంచు. అడ్మిషన్ నంబర్లు ఇద్దరం కూర్చుని వేద్దాం. మధ్యాహ్నానికి గోంగూర పచ్చడి చేయించు, మీ అత్తగారి చేతిది.

ఇట్లు
మీ పెద్దమ్మ